పప్పు ఉడికే నీళ్లు

నిన్న పొద్దున మా కోడలు కరెంటు కెటిల్ బోర్లించి, అడుగున పట్టిన తెల్లటి పెచ్చును చెంచాతో గీకుతూ విసుక్కుంది. ఈ నీళ్లతో ఏ సామానూ నాలుగు నెలలు నిలవదట. రాలిన పెచ్చు ఒకటి తీసి వేళ్ల మధ్య నలిపాను. తర్వాత నాలుక మీద వేసుకున్నాను. కోడలు కంగారుపడి నా చెయ్యి పట్టుకుంది. తొంభైకి దగ్గరపడ్డ ముసలిది సున్నప్పెచ్చు చప్పరిస్తుంటే ఎవరికైనా కంగారుగానే ఉంటుంది. ఏం లేదులేమ్మా, ఇది నాకు చిన్నప్పటి పరిచయం అన్నాను.

ఆ పరిచయం పలమనేరు అంచున, ఒక చిన్న మిషన్ ఆసుపత్రి కాంపౌండులో జరిగింది. అమ్మ ఆ ఆసుపత్రిలో ఆయా. సూదులు ఉడకబెట్టడం, గుడ్డలు ఉతకడం ఆమె పని. నాయన అక్కడి తోటమాలి. వెనకవైపు వరసగా ఉన్న పెంకుటిళ్లలో చివరిది మాది. మా ముగ్గురితో పాటు నాయనను కన్న అవ్వ కూడా ఉండేది. నాకప్పుడు పదేళ్లు. ఎక్కడో పెద్ద యుద్ధం జరుగుతోందని పెద్దవాళ్లు అనుకునేవారు. మాకు మాత్రం కిరసనాయిలు దొరకకపోవడం, మా దొరసాని డాక్టరమ్మకు ఇంగ్లండు సీమ నుంచి ఉత్తరాలు రాకపోవడం, అదే యుద్ధం.

ఆ కాంపౌండు తలుచుకుంటే ముందు వాసనలే గుర్తొస్తాయి. ఆసుపత్రి వరండాలో ఫినాయిలు, దాన్ని దాటి రాగానే నాయన తడిపిన మన్ను, ఇంటి గడపలోకి వస్తే అవ్వ కెలికే రాగి సంగటి. పలమనేరు చలిలో ఆ వేడి సంగటి ముద్దను ఊరుబిండితో తింటుంటే బడిగంట కూడా వినపడేది కాదు. వినపడనట్టు నటించేదాన్నని అవ్వ అనేది. నిజమే.

నాయన చెయ్యి మంచిదని ఊరంతా పేరు. ఎవరింట్లో మామిడి పెట్టినా, టెంకాయ పెట్టినా మొదటి మొక్క నాయన చేత్తో నాటించుకునేవారు. ఆయనకు ఒక అలవాటుండేది. నాటే ముందు చిటికెడు మన్ను తీసి నాలుక మీద వేసుకునేవాడు. కళ్లు మూసుకుని కాసేపు ఉండి, ఇది చవుడు, ఇది తియ్యటి మన్ను, వంగకు బాగుంటుంది, ఇట్లా చెప్పేవాడు. ఒక్కసారీ తప్పేది కాదు. ఊరందరి కొడుకులూ నోట్లో సంగటి పెట్టుకుంటే నా కొడుకు మన్ను పెట్టుకుంటాడని అవ్వ సాధించేది. సాధిస్తూనే, ఆ నాలుక గురించి వచ్చిన చుట్టాలందరికీ గొప్పగా చెప్పుకునేది.

డాక్టరమ్మ యాభై దాటిన మనిషి. పొడుగ్గా, గట్టిగా ఉండేది. నవ్వడం తక్కువ. తెలుగును ఎవరో పంతులు దగ్గర పుస్తకంలో నేర్చుకుందట, అందుకని ఆమె మాటలు కూడా పుస్తకంలోలాగే ఉండేవి. పురిటి నొప్పులతో అరిచే ఆడవాళ్లతో "భయపడవలదు, ఇంకొంచెము ప్రయత్నింపుము" అనేది. అంత నొప్పిలోనూ వాళ్లకు నవ్వొచ్చేదని అమ్మ చెప్పేది. ఆ తెలుగు వింటూ ఆ చుట్టుపక్కల ఎంతమంది పుట్టారో లెక్కలేదు. నేనూ అట్లా పుట్టినదాన్నే.

ఆమెకు ఒక పిచ్చి ఉండేది. వాళ్ల ఊరి కొండల మీద మోకాలెత్తున పెరిగే ఒక పొద, దాన్ని ఇక్కడ పూయించాలని. రెండుసార్లు నీలగిరి నుంచి మొక్కలు తెప్పించింది, రెండుసార్లూ చచ్చిపోయాయి. మూడోసారి ఆరు మొక్కలు ఒక చెక్కపెట్టెలో వచ్చాయి. బస్సు దగ్గర నుంచి జట్కా తోలే మా సాయిబు తాత ఆ పెట్టెను పసిబిడ్డను తెచ్చినట్టు ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. తడి గోనెపట్ట విప్పితే ఏముంది, సూదుల్లాంటి ఆకులున్న పుల్లలు. నాకు చాలా నిరాశగా అనిపించింది.

దాని పేరేమిటని అవ్వ అడిగితే డాక్టరమ్మ "హీత్" అంది. అవ్వకు అది ఈత అని వినపడింది. ఈత చెట్లు గుట్ట నిండా ఉండగా నీలగిరి దాకా పోవడమేమిటని ఆమె చచ్చేదాకా ఆశ్చర్యపడుతూనే ఉంది. మాకు మాత్రం ఆ రోజు నుంచి అది దొరసాని ఈత అయిపోయింది.

మొక్కలు పాదుల్లో పెట్టిస్తూ డాక్టరమ్మ నాయనతో చాలాసేపు మాట్లాడింది. అవి పూచినప్పుడు వాళ్ల కొండ రంగే మారిపోతుందట. తను ఆ కొండను చూసి ఇరవై ఏళ్లు దాటిందట. ఓడలు తిరగడం లేదు, ఇక చూస్తానో లేదో తెలియదంది. ఇవి కూడా చచ్చిపోతే మళ్లీ తెప్పించనని గట్టిగా చెప్పింది. నాయన తలగుడ్డ తీసి, "నా చేత్తో పెడతా ఉండాను గదమ్మా, బతుకుతాయి" అన్నాడు. ఆయన అట్లా మాటివ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

నెల తిరక్కుండానే ఆకులు పసుపు పచ్చబడ్డాయి. నాయన నీడ కట్టాడు, ఎరువు మార్చాడు, మన్ను నాలుక మీద వేసుకుని చూశాడు. మంచి మన్నే అన్నాడు. డాక్టరమ్మ ఒక లావు పుస్తకం పట్టుకుని వచ్చి, వేలుపెట్టి చదివి, "ఈ మొక్కలకు పుల్లని నేల కావలెను" అని చెప్పింది. నాయనకు అది ఎట్లా చెయ్యాలో తెలియలేదు. ఇంతలో ఐరాలలో వాళ్ల అక్క ఇంటి కప్పు కూలిందని కబురొచ్చింది. నాలుగు రోజుల్లో వస్తానని, అంతవరకు నీళ్లు పొయ్యమని నాకు అప్పగించి పోయాడు.

పుల్లని నేల అన్నమాట నా బుర్రలో తిరుగుతూనే ఉంది. మా ఇంటి వెనక కరివేపాకు చెట్టుకు అవ్వ పులిసిన మజ్జిగ పోసేది, అది గుబురుగా ఉండేది. కాబట్టి పెద్దవాళ్లకు తట్టనిది నాకు తట్టిందనుకున్నాను. అవ్వ కునుకు తీసేటప్పుడు జాడీలో నుంచి చింతపండు తీసి నానబెట్టి పిసికాను. ముందురోజు మిగిలిన పులుసు కూడా అందులో కలిపాను. పొద్దునొక చెంబు, సాయంత్రమొక చెంబు. ఆఖరి పాదు దగ్గరికి వచ్చేసరికి రోజూ చెంబు ఖాళీ అయ్యేది, దానికి ఒట్టి నీళ్లే పోసేదాన్ని. మూడో రోజుకు చీమలు బారులు తీరాయి. నాలుగో రోజు ఆకులు ముట్టుకుంటే రాలిపోయాయి. అప్పటికీ, పులుపు చాల్లేదేమో అనుకున్నాను నేను.

నాయన వచ్చి మూట కూడా దించకుండా తోటలోకి వెళ్లాడు. ఐదు మొక్కలు చచ్చిపోయి ఉన్నాయి. ఆఖరిది మాత్రం పసుపు రంగులో కొన ఊపిరితో ఉంది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని చిటికెడు మన్ను తీసి నాలుక మీద వేసుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. రోజూ తినే పులుసు ఆ నాలుకకు తెలియకుండా ఎట్లా ఉంటుంది? కళ్లు తెరిచి నేరుగా నన్నే చూశాడు. నా చేతిలో చెంబు ఉంది. తుండుగుడ్డ కొసతో నాలుక తుడుచుకుని లేచాడు.

డాక్టరమ్మ వచ్చి, ఏమైనదని అడిగింది. "నా చెయ్యి బాగలేదమ్మా ఈ తూరి" అన్నాడు నాయన.

నేను పక్కనే నిలబడి ఉన్నాను. నోరు పెగల్లేదు. నా బతుకులో నేను సిగ్గుపడే పనులు చాలానే ఉన్నాయి, కానీ అన్నిటికన్నా ముందు గుర్తొచ్చేది ఆ నిమిషమే.

ఆ మాట కాంపౌండు దాటి ఊళ్లోకి పోవడానికి ఎంతోసేపు పట్టలేదు. తోటమాలి చెయ్యి పోయిందంట అన్నారు. సాయిబు తాత చిత్తూరు నుంచి ఒక నిమ్మమొక్క తెచ్చుకుని, శుక్రవారం నాయన చేత నాటించుకుంటానని అంతకుముందే చెప్పి ఉన్నాడు. ఆ శుక్రవారం వచ్చి, కొన్నాళ్లు పోనీ అప్పా, తొందరేముంది అన్నాడు. నొప్పి కలగకుండా చెప్పాలని ఆయన పాపం చాలా తంటాలు పడ్డాడు. నాయన సరేనన్నాడు. ఆ తర్వాత మా పెరట్లో నాలుగు వంగనారు పెట్టాల్సి వస్తే, గుంటలు తవ్వి పక్కకు జరిగి, నువ్వు పెట్టు అని అమ్మతో అన్నాడు.

ఆ ఆఖరి మొక్కను బతికించాలని అప్పుడే తీర్మానించుకున్నాను. అది పూస్తే నాయన చేతికి పేరు తిరిగొస్తుంది. మిగతావన్నీ తర్వాత. డాక్టరమ్మ ఆ పాదు తవ్వించేసి క్యాబేజీ వెయ్యమందని తెలిసి, ఆసుపత్రి గదిలోకే పోయి ఆమె ముందు నిలబడ్డాను. ఆ మొక్క నాకియ్యమని అడిగాను.

"అది చచ్చుచున్నది కదా" అంది.

"చావనియ్యను" అన్నాను.

ఆమె నన్ను కాసేపు చూసి, మొండి పిల్లవి అని, తల ఊపింది. ఒక మట్టికుండీలోకి దాన్ని మార్చుకున్నాను. ఎట్లా బతికించాలో మాత్రం నాకేమీ తెలియదు. చింతపండు జోలికి పోకూడదని ఒక్కటే తెలుసు.

దారి చూపించింది మా అవ్వ పప్పుకుండ. కాంపౌండు బావి నీళ్లలో కందిపప్పు ఉడికేది కాదు. పప్పు పొయ్యి మీద పెట్టే రోజు మైలు దూరంలో గుట్ట కింద ఉన్న ఊట నుంచి నీళ్లు తేవాలి. ఆ నీళ్లకు మా ఇంట్లో పప్పునీళ్లనే పేరు. ఒకరోజు ఆడుకునే ధ్యాసలో బావి నీళ్లే బిందెలో నింపి తెచ్చి ఊట నీళ్లని చెప్పాను. రెండు గంటలు మండించినా పప్పు గులకరాళ్లలాగే ఉంది. అవ్వకు తెలిసిపోయింది.

"అబద్ధం నువ్వు జెప్పినా పప్పు జెప్తాదా మే? బాయినీళ్లల్లో సున్నముండాది. సున్నమున్న నీళ్లకు ఏది మెత్తబడ్తాది?" అని గరిటె చూపించింది.

తిట్లు పడుతున్నా నా చెవి సున్నమన్న మాట దగ్గరే ఆగిపోయింది. అమ్మ సూదులు ఉడకబెట్టే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు పట్టేది, ఆమె వారానికోసారి గీకేది. పరుగెత్తిపోయి ఆ పెచ్చు ఒకటి తీసుకుని డాక్టరమ్మకు చూపించి, ఇది పులుపా అని అడిగాను. ఆమె అప్పుడు ఎవరికో కట్టు కడుతోంది.

"కాదు. ఇది సున్నము. పులుపునకు శత్రువు" అంది.

అప్పుడు తెలిసింది. పుల్లని నేల అంటే పులుసు పోసిన నేల కాదు, సున్నం చేరని నేల. ముందు రెండుసార్లు తెప్పించిన మొక్కలు కూడా ఈ బావి నీళ్లు తాగే చచ్చాయన్నమాట. నాయన నాలుకకు అన్నీ తెలిసేవి కానీ, పుట్టినప్పటి నుంచి ఆ నీళ్లే తాగడంతో ఈ సున్నం ఒక్కటి తెలియలేదు.

మరుసటి రోజు నుంచి దొరసాని ఈతకు పప్పునీళ్లే. పొద్దున సంగటి తినకముందే చిన్న బిందె తీసుకుని గుట్టకు పోయేదాన్ని. అవ్వ మొదట అరిచింది, తర్వాత తనే ఒకరోజు వెంట వచ్చి, చెట్ల కింద కుళ్లి నల్లబడిన ఆకుమన్ను కొంగున మూటగట్టి తెచ్చింది. ఈత చెట్టుకు ఇన్ని ఉపచారాలా అని దారంతా గొణుగుతూనే ఉంది. క్రిస్మస్‌కు నాయన కుండీలన్నిటికీ సున్నం కొడుతూ నా కుండీ దగ్గరికి వచ్చాడు. నేను అడ్డంగా నిలబడి దీనికి సున్నం వద్దన్నాను. ఆయన కుంచె తీసుకుని పక్క కుండీకి పోయాడు.

ఆదివారం పని చెయ్యకూడదని మా ఇంట్లో కట్టు. నీళ్లు మొయ్యడం పనా కాదా అని అవ్వతో పెద్ద వాదన జరిగింది. చివరికి నేను చెంబు ఒకటి పావడాలో దాచి ప్రార్థనకు తీసుకుపోయాను. ప్రార్థన అయ్యాక అటు నుంచి అటే ఊటకు పోవాలని. మోకరించేటప్పుడు అది జారి గుడి మధ్యకు దొర్లింది. దాని చప్పుడుకు పాస్టరుగారు ప్రార్థన ఆపి కళ్లు తెరిచారు. ఆ చెంబును అవ్వే లేచి తీసుకుంది. బయటికొచ్చాక వీపున ఒకటి వేసి, చెంబు చేతికిచ్చి, పో అంది.

ఎండాకాలం కష్టమైంది. ఊట సన్నగిల్లింది. టెంకాయ చిప్పతో తోడితే చిన్న బిందె నిండటానికి గంట పట్టేది. కుండీని నీళ్లకుండల పక్కన పెట్టి, చుట్టూ తడి గోనెపట్ట కప్పేదాన్ని. చేతులు కాయలు కాచాయి. ఒకరోజు బిందెతో వస్తుంటే సాయిబు తాత జట్కా ఆపి ఎక్కించుకున్నాడు.

"రోజూ ఎవరికి బేటీ ఈ నీళ్లు?" అని అడిగాడు.

"మా నాయన చేతికి" అన్నాను.

ఆయనకు అర్థమైందో లేదో నాకు తెలియదు. ఇల్లు చేరేదాకా గుర్రాన్ని నడిపించాడే కానీ పరుగెత్తించలేదు. చుక్క నీళ్లు ఒలకలేదు.

వానలు పడ్డాక మొక్క పచ్చబడింది. మళ్లీ చలి మొదలైన రోజుల్లో ఒక పొద్దున కొమ్మల కొసల్లో నూకగింజలంత మొగ్గలు కనిపించాయి. ఎవరికీ చెప్పలేదు. చెప్తే రాలిపోతాయని భయం. పది రోజులకు అవి విచ్చుకున్నాయి. గులాబి రంగులో చిన్నచిన్న గజ్జెలు, తలకిందులుగా వేలాడుతూ. వాసన లేదు, జడలో పెట్టుకోవడానికి పనికిరావు. అయినా అంత అందమైన పువ్వును నేను మళ్లీ చూడలేదు.

కబురు తెలిసి డాక్టరమ్మ ఆసుపత్రి చెప్పులతోనే వచ్చింది. కుండీ ముందు నేల మీద కూలబడింది. అంత గట్టి మనిషి, పువ్వులను ఒక వేలితో తాకి ఏడ్చింది. తర్వాత లేచి నాయన చెయ్యి పట్టుకుని, "నీ చెయ్యి చాలా మంచిది" అంది. అమ్మ ఉంది, అవ్వ ఉంది, సాయిబు తాత కూడా గేటు దగ్గర ఉన్నాడు. నేను ఏడాదిగా ఆ మాట కోసమే నీళ్లు మోశాను. ఇక నోరు మూసుకుంటే చాలు, అంతా సర్దుకుంటుంది.

"నా చెయ్యి కాదమ్మా. పాప చెయ్యి" అన్నాడు నాయన.

అప్పుడు నా నోరు పెగిలింది. "ఆ అయిదు సంపింది గూడా నేనే. సింతపండు పులుసు పోసినాను. నాయన ఏమీ సెయ్యలేదు" అన్నాను. గట్టిగానే అన్నాను, గేటు దాకా వినపడాలని.

డాక్టరమ్మకు ఒక నిమిషం అర్థం కాలేదు. పులుసు ఎందుకని అడిగింది. మీరే కదా పుల్లని నేల కావలెను అన్నారు అని చెప్పాను. ఆమె ముఖం ఎర్రబడింది. కొడుతుందనుకున్నాను. కానీ నవ్వింది, కళ్లలో నీళ్లు ఆరకముందే నవ్వింది.

"అయితే వాటిని చంపినది నా తెలుగు" అంది.

సాయంత్రం సాయిబు తాత నిమ్మమొక్క పట్టుకుని వచ్చి, నాయన ముందు పెట్టి తలవంచుకుని నిలబడ్డాడు. ఏడాది పాటు కుండలో ఉండి దాని వేళ్లు చుట్టలు చుట్టుకుపోయాయి. ఏమీ జరగనట్టే నాయన పార తీసుకుని ఆయన వెంట నడిచాడు. నన్నూ రమ్మన్నాడు. అక్కడ గుంట తవ్వి, మన్ను తీసి నాలుక మీద వేసుకున్నాడు. తర్వాత చిటికెడు నాకిచ్చాడు. మట్టివాసన, కొంచెం ఉప్పన. అంతే తెలిసిందని చెప్పాను. మొదట నాకూ అంతేలే అన్నాడు. మొక్కను ఆయన ఒక పక్క, నేనొక పక్క పట్టుకుని గుంటలో దించాం.

రెండేళ్ల తర్వాత పెద్దబడికి నన్ను చిత్తూరు హాస్టలుకు పంపారు. పోయే ముందు కుండీని నాయనకు అప్పగించి, నీళ్ల సంగతి నూరుసార్లు చెప్పాను. మొదటి ఎండాకాలం ఆయన దగ్గర నుంచి ఒక కార్డు వచ్చింది. ఆయనకు రాయడం రాదు, కాంపౌండరుకు చెప్పి రాయించాడు. చెప్పింది చెప్పినట్టే రాశాడు ఆ కాంపౌండరు. "పాపకు నాయన రాయించేది. నీ చెట్టు పోయింది. దినామూ ఊట నీళ్లే పోసినాము, నేనూ అవ్వా మార్చి మార్చి మోసినాము. మన్ను నాలిక మీద ఏసుకోని సూసినాను. మన్ను బాగుండాది. నువ్వు లేవు, అంతే. నువ్వు సదువు మాత్రం నిలిపెయ్యొద్దు."

హాస్టలు వరండాలో కూర్చుని ఆ కార్డు చదివి ఏడ్చాను. తోటి పిల్లలు ఎవరు పోయారని అడిగారు. చెట్టు పోయిందంటే నవ్వారు. ఆ కార్డు చాలా ఏళ్లు నా పెట్టెలో ఉండి, ఏదో ఇల్లు మారేటప్పుడు పోయింది. మాటలు పోలేదు. పిల్లలకు పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరిన రోజు, మానుకొమ్మని ఇంట్లో అందరూ పట్టుబట్టిన రోజు, కళ్లు కనపడక పుస్తకం ముఖానికి దగ్గరగా పెట్టుకున్న ఈ రోజుల్లో కూడా, ఆ ఆఖరి మాటే నాలుక మీద ఆడుతుంది.

నిలిపెయ్యలేదు నాయనా.